నీలిబాన అలిగినప్పుడు

1940వ సంవత్సరం. తిరుత్తణిలో మాది అద్దకం పని. నేసేవాళ్లు నూలు తెచ్చిస్తే రంగు వేసి ఇచ్చేవాళ్లం. నీలం రంగు జర్మనీ నుంచి ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి తిరువళ్లూరు అంగడికి డబ్బాల్లో వచ్చేది. నాకప్పుడు అక్షరాలు రావు, డబ్బా మీది బొమ్మను చూసి కొనేదాన్ని. యుద్ధం వచ్చి ఆ ఓడలు ఆగిపోయాయి. అంగట్లో మిగిలిన డబ్బాలూ అయిపోయాయి.

అప్పుడే మగ్గాల మునిసామి హ్యాంకులు తెచ్చి దించాడు. హ్యాంకు అంటే చుట్టి ముడివేసిన నూలు చిలప. రంగూన్ వ్యాపారికి వాడు నీలం గళ్ల లుంగీలు పంపాలి. ఓడ తప్పితే ఆ బేరం ఇంకొకరికి పోతుంది. వాడి మగ్గాల మీద బతికే ఇళ్లలో పొయ్యి వెలగదు.

మా అత్త బెదరలేదు. "డబ్బా లేకపోతే బాన లేదా? మా అమ్మ కాలంలో జర్మనీ ఎవురికి తెలుసు?" అని, మూలనున్న నీలిబానను కడిగించింది. మెడదాకా నేలలో పాతిన పెద్ద కుండ అది. అందులో నీలిమందు ముద్దలు, సున్నం, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెడతారు. పులిస్తే నీళ్లు పసుపుపచ్చగా మారి, పైన రాగిరంగు నురగ కడుతుంది. అత్త రోజూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకా రాలా" అనేది.

"ఏమక్కా, నూలు రేపిస్తావా?" అంటూ మునిసామి రోజూ వచ్చేవాడు.

"రేపిస్తాం పో నాయనా," అని అత్తే జవాబు చెప్పేది.

ఇంతలో ముసురు పట్టింది. బాన చల్లబడి పులియడం ఆగిపోయింది.

"అలిగింది," అంది అత్త. మా అద్దకం వాళ్లలో ఒక నమ్మకం ఉంది. బాన అలిగితే ఊళ్లోకి ఒక అబద్ధం వదలాలి. అది ఎంత దూరం పాకితే బాన అంత తొందరగా పులుస్తుందంటారు. నేను కుండ చుట్టూ తవ్వి వేడి పొట్టుబూడిద కూరుతుంటే, ఆమె బావి దగ్గరికి పోయి, "తిరువళ్లూరికి నీలం డబ్బాలు బండినిండా వచ్చినాయంట" అని చెప్పి వచ్చింది.

ఆ మాట విని మునిసామి మాకు చెప్పకుండానే రైలెక్కాడు. మరునాడు వానలో తడిసి, మండిపడుతూ వచ్చాడు.

"యాడున్నాయి డబ్బాలు? అంగడాయన పగలబడి నవ్వినాడు! నా నూలు నాకిచ్చెయ్యక్కా. ఇంకో ఊళ్లో వేయించుకుంటా."

బాన మూత తీశాను. రాగి నురగ! ఒక హ్యాంకు ముంచి, పిండి, గాలికి దులిపాను. ఆకుపచ్చగా పైకొచ్చిన నూలు వాడి కళ్లముందే నీలంగా మారింది. ఉతికి ఆరేసిందాకా వాడు కదల్లేదు. తరువాత తన తెల్లపంచె కొసతో గట్టిగా రుద్ది చూశాడు. మరక పడలేదు.

"ఏం పెద్దమ్మా, అబద్ధం చెప్పేదానికి నేనే దొరికినానా?"

"నీకెవురు చెప్పినార్రా? బానకు చెప్పినా. నువ్వెందుకు విన్నావు?"

వాడు నవ్వుతూ కూలబడ్డాడు. "సంగటన్నా పెట్టు తల్లీ, నిన్నట్నుంచి తిన్లేదు."

లుంగీలు ఓడకు అందాయి.

బాన పులిసింది అబద్ధానికా, బూడిద వేడికా అని నేను అత్తతో ఎన్నడూ వాదించలేదు. ఆమెకు ఆ సంతోషం ఉండనీ అనుకున్నాను. కానీ మునిసామిని రైలెక్కించింది మేము రోజూ చెప్పిన "రేపు" అనే మాటే. డబ్బాలు రాలేదనీ, వాటికి బదులు ఏం చేస్తున్నామో మొదటే చెప్పి ఉంటే, వాడే వచ్చి నాతోపాటు పొట్టుబూడిద కూరేవాడు. ఆ తరువాత ఎవరు నూలు తెచ్చినా, దించుకునే ముందు వాళ్లను బాన దగ్గరికి తీసుకుపోయి మూత తీసి చూపించేదాన్ని.