రాజీ పడలేదని చెప్పడానికి నాగపూర్ దాకా

1989 వేసవిలో మార్తమ్మ నష్టపరిహారం దావా నా చేతికి వచ్చింది. అప్పటికి నేను ఉప్పల్‌లో ఆఫీసు పెట్టుకుని జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూస్తున్నాను. మార్తమ్మది మల్లాపూర్. నాచారంలో ఒక చిన్న రేకుల వర్క్‌షాపులో పవర్ ప్రెస్ మీద పనిచేస్తుండగా ఆమె కుడిచేతి వేళ్లు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుగా ఉండే గార్డును ఆమే తీసేసిందని యజమాని వాదన. పని తొందరగా సాగాలని యజమానే తీయించాడని ఆమె మాట. దాన్ని విప్పినవాడు గంగారాం అనే ఫిట్టరు. ప్రమాదం తరువాత అతను పని మానేసి సొంతూరు నాగపూర్ వెళ్లిపోయాడు. అతను చెబితేనే దావా నిలుస్తుంది.

అంత దూరాన, వేరే రాష్ట్రంలో ఉన్న సాక్షిని మన కోర్టు బలవంతంగా రప్పించలేదు. అందుకు కమిషన్ అనే పద్ధతి ఉంది. మన కోర్టు అక్కడి కోర్టుకు రాస్తుంది. వాళ్లు ఒక వకీలును కమిషనరుగా నియమిస్తారు. ఆయన సాక్షిని పిలిపించి, ప్రమాణం చేయించి, వాంగ్మూలం రాసి పంపుతాడు. ప్రశ్నలు ముందే రాసి పంపితే చాలని యజమాని వకీలు పట్టుబట్టాడు. కాగితం మీది ప్రశ్నకు గుర్తులేదంటే అక్కడితో సరి, తిరగేసి అడిగేవాడుండడు. ఆ ఎత్తు నాకు తెలియనిదా? నోటితోనే విచారణ జరగాలని పోట్లాడి ఆర్డరు తెచ్చుకున్నాను.

మార్తమ్మ తానూ వస్తానంది. సాక్ష్యం చెప్పేది ఫిట్టరు, నీకక్కడ పనేముందన్నాను. ఇంట్లోవాళ్లూ వద్దన్నారట.

"పోయింది నా వేళ్లు, మేడం. నేను లేకుండ ఆ ముచ్చటెట్ల నడుస్తది?" అంది. ప్రయాణం రోజున సికింద్రాబాద్ స్టేషనుకు నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

యజమాని వకీలు తాను రాలేదు. తెలుగు రాని నాగపూర్ వకీలునొకరిని పంపాడు. కమిషనరు గదిలోకి వచ్చిన గంగారాం మార్తమ్మను చూసి తెల్లబోయాడు. నాచారంలో ఏళ్ల తరబడి ఉన్నవాడు కాబట్టి తెలుగులోనే మాట్లాడాడు.

"నువ్వు రాజీ అయినవని సేటు మనిషి వచ్చి చెప్పిండు గదక్కా. గుర్తులేదని చెప్పి పొమ్మన్నడు."

మార్తమ్మ ఆ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. "రాజీ అయితే గింత దూరమెందుకొస్త తమ్మీ?"

నాగపూర్ వకీలు లేచి, కక్షిదారు సాక్షికి పాఠం చెబుతోందని అభ్యంతరపెట్టాడు. ఏం మాట్లాడుకున్నారో పొల్లుపోకుండా రికార్డు చేయాలని గొడవకు దిగాడు. అభ్యంతరం సబబా కాదా అని తేల్చే అధికారం కమిషనరుకు లేదు, రాసుకోవడమే ఆయన పని. ఆ మాటలు రికార్డుకెక్కడమే నాకు కావాలి. ఆపడానికి నాకేమన్నా పిచ్చా?

కమిషనరు ప్రమాణం చేయించి మొదట ఆ మాటలే అడిగాడు. గంగారాం అంతా హిందీలో చెప్పాడు, సేటు మనిషి రాకతో సహా. ఆ తరువాత గార్డును యజమాని ఎదురుగా నిలబడి విప్పించిన సంగతీ చెప్పాడు. నాగపూర్ వకీలు మొహం మాడిపోయింది. నాకు జాలి కలగలేదు.

దావా గెలిచాం. యజమాని అప్పీలుకు వెళ్లి అక్కడా ఓడాడు.

ప్రాక్టీసు మానేసేదాకా, వేరే రాష్ట్రంలో కమిషన్ పడిన ప్రతి కేసులోనూ కక్షిదారును వెంట తీసుకెళ్లాను. దండగ ప్రయాణమని సీనియర్లు వెక్కిరించారు. వెక్కిరించనీ. దూరాన ఉన్న సాక్షికి సమన్లు అందితే చాలదు. దావా వేసిన మనిషి ఇంకా వెనక్కి తగ్గలేదని అతను కళ్లారా చూడాలి.