దూది వేళ్లు

ఎనభైల్లో ఖమ్మం దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా ఉన్నాను. మా ఫిట్టర్ మేస్త్రిది భద్రాచలం అడవి వైపు పల్లె. ఏ బోల్టు బిగించాలో కుడిచేత్తో చూపించేవాడు. ఆ చేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు కనుక ఏ బోల్టో మేమే ఊహించుకోవాలి. "అగో, గదే" అనేవాడు, వేలు ఉన్నంత ధీమాగా.

పత్తి సీజన్లో మిషన్ ఆపమంటే మా మేనేజరుకు ప్రాణం పోయినంత పని. అందుకే మేస్త్రి నడుస్తున్న రోలర్ల మధ్య ఇరుక్కున్న దూది లాగబోయి ఆ రెండు వేళ్లూ పోగొట్టుకున్నాడు. ఆయన్ని దవాఖానాకు తీసుకుపోతున్నప్పుడు కూడా మిషన్ తిరుగుతూనే ఉంది.

ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చేవాడు. ఆ ఒక్కరోజు మేనేజరు బీరువాలోంచి కొత్త గ్లౌజులు దిగేవి. ఒకసారి మేస్త్రి గ్లౌజులో ఖాళీగా వేలాడుతున్న రెండు వేళ్లు చూసి, మేనేజరు వాటిలో దూది కూరించాడు.

"గట్టిగా కూరండయ్యా, నిలబడాలి" అని దగ్గరుండి చూసుకున్నాడు.

ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఏం బుద్ధి పుట్టిందో, మేస్త్రితో చేయి కలిపాడు. దూది వేళ్లు ఆయన గుప్పిట్లో నలిగి వంగిపోయాయి. ఆయన మేనేజరు ముఖం చూశాడు, నవ్వాడు. "గ్లౌజులు బాగున్నాయే" అని, ఆ మాటే పుస్తకంలో రాసుకుని టీకి వెళ్లాడు.

జీపు గేటు దాటగానే మేస్త్రి గ్లౌజు విప్పి, దూది బయటికి పీకి, జాగ్రత్తగా తీసుకెళ్లి మిల్లు దూది కుప్ప మీద వేశాడు.

"ఆ కాస్త దూది పారెయ్యరాదా మేస్త్రీ?" అన్నాను.

"ఎట్ల పారేస్త సారూ? పోయిన వేళ్లు నావి. దూది కంపెనీది గద!"