ప్రభువు బల్లకు ఈవల

నా చిన్నప్పుడు ఉదయగిరిలోని మా చిన్న ప్రార్థనామందిరంలో నెలకొకమారు, యేసు చివరి విందును తలచుకొంటూ రొట్టె పంచుకొనే ప్రభువు బల్ల ఆచరించేవారు. రొట్టెముక్కల పళ్లెం వరుసలో చేతి నుంచి చేతికి సాగేది. బాప్తిస్మం పొందని నాబోటి పిల్లలు అందులోనిది ముట్టకుండా పక్కవారికి అందించాలి. ఒక ఏడు మా తాతయ్య కూడా నాలాగే అందించడం గమనించాను.

కారణం మా అవ్వ చెప్పింది. వరికుంటపాడులో ఉండిన తాతయ్య అన్నగారు క్రైస్తవుడు కాడు, కొడుకులు లేనివాడు. ఆయన కాలం చేసినప్పుడు తాతయ్యే వెళ్లి తలకొరివి పెట్టి వచ్చాడు. సంఘం ఎదుట నిలబడి అది పాపమని ఒప్పుకొనేవరకు బల్లలో పాలుపంచుకోరాదని సంఘ పెద్దలు తీర్మానించారు. తాతయ్య ఒప్పుకోలేదు. అలాగని మందిరానికి రావడమూ మానలేదు. ఆరాధన ముగిశాక ఆయనను పలకరించేవారు అరుదు.

ఒక ఆదివారం ఆడవారి వైపు కూర్చున్న అవ్వ సైతం పళ్లేన్ని ముట్టకుండా పంపివేసింది. ఇంటికి రాగానే ఎందుకలా చేశావని తాతయ్య అడిగాడు.

"నీకు లేని కూడు నాకెట్ట దిగతాది?" అన్నది అవ్వ.

"నా కోసరం మానుకోబాక మే. బల్ల ప్రభువుది, పెద్దోళ్లు కాపలా మాత్రమే. నువ్వు తిను, నేను ఈ పక్క కూర్చోనుంటా. లేచి పొమ్మని ఆయన నాతో అన్లేదు గదా."

మరుసటి నెల అవ్వ రొట్టె తీసుకొన్నది. తాతయ్యకు మాత్రం కన్నుమూసేవరకు అది మళ్లీ దక్కలేదు.

తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను ఇప్పుడు ఆత్మకూరులో ఉంటున్నాను. ఇక్కడ ఒక డాక్టరమ్మ ఇంట నలుగురైదుగురు క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి పద్ధతిలో ఆదివారాలు మౌనంగా కూర్చుంటారు. బోధకుడు లేడు, కీర్తన లేదు, రొట్టె లేదు. ప్రతి మనిషిలోనూ ఉండే దైవాన్ని లోపలి వెలుగు అంటారే గాని క్రీస్తు పేరు పలకడానికి కొందరు సంకోచిస్తారు. నన్నెవరూ ఏమీ ఒప్పుకొమ్మనరు. ఆ దయ కోసమే వెళ్తాను. అయినా నా విశ్వాసం అక్కడ నోరు విప్పలేక కుమిలిపోయేది.

మొన్న ఒక ఆదివారం ఆ మౌనంలో లేచి, ప్రభువు మృతులలోనుండి లేచాడని నమ్ముతున్నానని చెప్పాను. మాటకు బదులు పలకడం వారి ఆచారం కాదు. ఇక నేను ఆ ఇంటికి రాకూడదేమో అనుకొంటూ కూర్చున్నాను. చివర అందరం చేతులు కలుపుకొన్నాక డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"మీరు చెప్పింది నేను నమ్మలేను మాస్టారూ. అయితే మీరు రాకుంటే ఇక్కడ ఆ మాట అనేవాళ్లే ఉండరు."

నెలకొకమారు ఈ ఊరి సంఘానికి వెళ్లి రొట్టె తీసుకొంటున్నాను. అక్కడివారికి నేను దారి తప్పినవాణ్ణి. తక్కిన ఆదివారాలు డాక్టరమ్మ ఇంట మౌనంలో గడుస్తాయి. అక్కడివారికి నేను పాత నమ్మకాలు వీడనివాణ్ణి. నమ్మినదాన్ని వదలకుండా, అది నమ్మనివారి సరసన కూర్చోవడం తాతయ్యను చూసి నేర్చుకొన్నాను. ఒంటరితనాన్ని ఏం చేసుకోవాలో ఆయన చెప్పలేదు. దాన్నీ వెంటబెట్టుకొనే వెళ్తున్నాను.