శరణప్ప చూడని ఐదో మ్యాచ్

నాలుగు మ్యాచ్‌లు ఆడి నాలుగూ గెలిచినంత మాత్రాన ఒక వాలీబాల్ జట్టును మంచి జట్టు అనవచ్చా? ఎనభైల మొదట్లో, ఒక నవంబరులో నేను జహీరాబాద్ బస్సెక్కడానికి కారణం ఈ ప్రశ్నే. దాన్ని తెచ్చిపెట్టినవాడు శరణప్ప. జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం, సొంతూరు మొగుడంపల్లి. సరుకు వేయడానికి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మా పత్రిక ఆఫీసుకు వచ్చి, తమ ఊరి జట్టు గురించి రాయమని అడిగేవాడు. ఆసారి మరీ పట్టుబట్టాడు. "నాలుగు మ్యాచ్‌లు సార్! ఒక్క గేమ్ గూడ ఇయ్యలె." ఎవరి మీద గెలిచారని అడిగాను. మూడు ఆ ఏడే పుట్టిన జట్లు. నాలుగోదానికి ఆరో మనిషి దొరక్క ఐదుగురే ఆడారు. "సీజన్ మొదట్లో అందరూ బాగానే కనిపిస్తారు శరణప్పగారూ," అన్నాను. "అయితే ఐదోదానికి రాండ్రి. అవుతలోళ్ళతోని ఉన్నది," అన్నాడు. అవతలివాళ్ళంటే కర్ణాటక సరిహద్దు దాటగానే ఉన్న ఒక ఊరి జట్టు. ఆ జట్టు మీద మొగుడంపల్లి అప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. పైగా శరణప్ప భార్య నీలమ్మ పుట్టిల్లు ఆ ఊరే.

గౌలిగూడలో తెల్లవారగానే బస్సెక్కాను. పటాన్‌చెరు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట మీదుగా బొంబాయి రోడ్డు. సగం దారి లారీల వెనకే సాగింది. జహీరాబాద్‌లో దిగేసరికి పది దాటింది. టికెట్టు పది రూపాయలకు కాస్త అటూ ఇటూ. బస్టాండు ఎదుట చాయ్ తాగి మొగుడంపల్లి జీపులో కూర్చున్నాను. జీపు నిండితేనే కదులుతుంది కాబట్టి ఆ ప్రయాణానికి సమయం లెక్కకట్టలేం. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "మ్యాచ్‌కా సార్?" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను. "అల్లం కొననీకి వచ్చినోళ్ళు సంచులు చూస్తరు. మీరు దిక్కులు చూస్తున్నరు." ఎవరు గెలుస్తారని అడిగితే, "శరణప్ప సేటు నోరు గెలుస్తది. కడమది నాకు ఎర్కలేదు," అన్నాడు. చిరాగ్‌పల్లి వైపు హైవే మీద కొంత దూరం వెళ్ళి లోపలికి తిరిగాం. రెండు వైపులా చెరకు, మధ్య మధ్య ఎర్ర నేలల్లో అల్లం. అది గడ్డ ఊరే సమయం. అప్పుడు ఒక్క తడి తప్పినా తూకం పడిపోతుంది.

శరణప్ప ఇంట్లో నీలమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. పక్కన అప్పటికే ఒక పెద్ద దొంతర ఉంది. అవన్నీ ప్రత్యర్థి జట్టుకు. అక్కడొక పద్ధతి ఉంది. పొరుగూరి జట్టు ఆడటానికి వస్తే, తమ ఊరి ఆడబిడ్డను ఇచ్చిన ఇంట్లోనే భోంచేయాలి. "ప్రతి సాల్ మా తమ్ముడోళ్ళు గెలిచి వచ్చి ఈడనే తింటరు సార్," అని నీలమ్మ నాకు వేరుశెనగ చట్నీ వడ్డిస్తూ చెప్పింది. "ఈయన మాత్రం ఆ పూట ఇంటికి రాడు. దుకాణంలనే పండుకుంటడు."

"ఈ సాల్ గట్ల కాదు," అన్నాడు శరణప్ప.

"పోయిన సాల్ గూడ గిదే మాట."

భోజనం ముగియకముందే మాణయ్య వచ్చాడు. జట్టులో బలంగా స్మాష్ కొట్టేది అతనే. మొహం చూస్తేనే ఏదో తేడా జరిగిందని తెలిసింది. అతని బావి ముగ్గురు పాలివాళ్ళది. నీళ్ళు వంతులవారీగా పెట్టుకుంటారు. మోటారుకు కరెంటు వచ్చేది మధ్యాహ్నం తర్వాత. ఆ రోజు వంతు మాణయ్యది. తమ్ముడు కూడా జట్టులోనే ఉన్నాడు, తండ్రి కాలికి దెబ్బ తగిలి మంచం మీదున్నాడు. పొద్దున్నుంచి ఊరంతా తిరిగినా నీళ్ళు కట్టడానికి ఒక్క మనిషి ఒప్పుకోలేదట. "కూలి డబల్ ఇస్త అన్న కాకా. మ్యాచ్ అయినంక వస్తమంటున్నరు. అప్పటికి కరెంటు ఉంటదా? నేను ఆడను. అల్లం ఎండితే ఇంట్ల ఏం చెప్పాలె?"

శరణప్ప లేచి, గోడకు ఆనించిన పార తీసుకున్నాడు. "నువ్వు పోయి ఆడు. నీళ్ళు నేను కడత."

"పార పట్టి ఎన్ని సాల్లయిందో!" అని నీలమ్మ నవ్వింది. మాణయ్య నవ్వలేదు. శరణప్ప ఈ మ్యాచ్ కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాడో అతనికి తెలుసు. చేను బడి మైదానానికి దగ్గరే అయినా మధ్యలో చెరకు అడ్డం. చేనులో నిలబడితే అరుపులు వినిపిస్తాయి, ఆట కనిపించదు. "గేమ్ అయినప్పుడల్లా జర వచ్చి చెప్పుర్రి సార్," అన్నాడు నాతో. "మావోళ్ళను అడిగితే ఓడినా గెలిచినమనే చెప్తరు."

మైదానంలో నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీశారు. మూడు గేమ్‌ల ఆట. అప్పట్లో సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు వచ్చేది, పదిహేనుకు గేమ్. అవతలి జట్టు కెప్టెన్ నీలమ్మ తమ్ముడు. నెట్ దగ్గర చేతులెత్తి అతను కట్టే బ్లాకు దాటి బంతి వెళ్ళడం కష్టమని విన్నాను. మొదటి గేమ్‌లో మాణయ్య ఆ బ్లాకును తప్పించి పక్క గీత వెంబడి కొట్టాడు. పదిహేను తొమ్మిది. నేను గట్ల మీద నడిచి చేనుకు వెళ్ళి, "పదిహేను తొమ్మిది. మొగుడంపల్లిది," అన్నాను.

"మనది అనుర్రి సార్, ఏం పోతది!"

"మొగుడంపల్లిది," అన్నాను మళ్ళీ. శరణప్ప మోకాళ్ళ దాకా బురదతో నవ్వాడు.

రెండో గేమ్ అవతలివాళ్ళు తేలిగ్గా గెలిచారు. ఆట ఆగినప్పుడల్లా మాణయ్య మోటారు చప్పుడు వినిపించే వైపు తిరిగి చూస్తున్నాడు. విరామంలో నా దగ్గరకు వచ్చి, "చేను తడుస్తున్నదా సార్?" అన్నాడు. చూసి వస్తానన్నాను.

వెళ్ళేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. కాలువ కట్ట తెగి నీళ్ళు పక్క చేనులోకి మళ్ళాయి. ఆ చెరకు సంగమ్మ అనే పెద్దావిడది. "ఓ శరణప్పా! నా చెరకుకు నీళ్ళు పెట్టుమని నీకు ఎవ్వలు చెప్పిన్రు? చెవులు ఆడ, పార ఈడ!" అని తిడుతూనే నన్ను చూసి, "ఎంతయింది ఆట?" అంది. చెరొక గేమ్ అన్నాను. "అయితే ఇంకొకటున్నది," అంటూ శరణప్ప చేతిలోంచి పార లాక్కుని, రెండు పెళ్ళలతో గండి మూసేసింది. "నువ్వు పో. పోయి చూడు. నేను కడత."

శరణప్ప కదల్లేదు. "నేను పోను అత్తా. అవుతలోళ్ళతోని ఆట నేను చూసినప్పుడల్లా ఓడిన్రు."

"రెండో గేమ్ మీరు చూడకుండానే ఓడారు కదా," అన్నాను.

అతను తల దించుకున్నాడు. "గట్టెక్కి జర్రంత చూసిన సార్. గప్పుడే కట్ట తెగింది."

ఆ మాట అని మైదానానికి వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నేను సాళ్ళ వెంబడి నడిచి చూశాను. సగానికి పైగా తడిసింది. మాణయ్యకు అదే చెప్పాను: సగానికి పైగా తడిసింది, కొన్ని నీళ్ళు సంగమ్మ చెరకులోకి పోయాయి, ఇప్పుడు ఆమే కడుతోంది. "సంగమ్మ కడుతున్నదా? ఇగ ఫికర్ లేదు," అని మొదటిసారి నవ్వాడు. మూడో గేమ్‌లో ఒక్కసారి కూడా చేను వైపు చూడలేదు.

పదకొండు పదమూడుతో వెనకబడ్డారు. మాణయ్య తమ్ముడి సర్వీసులతో సమం చేశారు. తర్వాత ఒక పాయింటు ముందుకు వెళ్ళారు. చివరి బంతికి మాణయ్య ఎగిరాడు. అవతల ఇద్దరు బ్లాకుకు లేచారు. అందరూ స్మాష్ అనుకున్నారు. అతను బంతిని వేళ్ళతో తాకి వాళ్ళ చేతుల మీదుగా వెనక్కి జార్చాడు. అందుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. పదిహేను పదమూడు.

నేను చేనుకు చేరేలోపు జట్టంతా నన్ను దాటి పరుగెత్తింది. సంగమ్మ, "మడులు తొక్కకుర్రి!" అని అరుస్తోంది. శరణప్పకు గెలుపు మాట అవసరం లేదు, అరుపుల్లోనే తెలిసిపోయింది. అతనికి కావలసింది ఆఖరి పాయింటు. "ఎట్ల కొట్టినవ్‌రా, చూపెట్టు," అన్నాడు. కాలువకు ఒక పక్క శరణప్ప చేతులు పైకెత్తి నిలబడ్డాడు. మరో పక్క మాణయ్య ఎగిరి బంతిని అతని వేళ్ళ మీదుగా జార్చాడు. బంతి బురదలో పడింది. "గిట్లనేనా?" "గిట్లనే కాకా." "ఇంకోసారి కొట్టు."

ఆ సాయంత్రం ఓడిన జట్టు పద్ధతి ప్రకారం శరణప్ప ఇంటికే భోజనానికి వచ్చింది. శరణప్ప స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, తానే రొట్టెలు వడ్డించాడు. "తిను బామ్మర్దీ. ఓడినోనికి ఆకలెక్కువ." కెప్టెన్ పళ్ళెంలోంచి తలెత్తి, "అక్కా, బావ రొట్టె రొట్టెకు ఒక మాటంటున్నడు," అన్నాడు.

"అననియ్‌రా," అంది నీలమ్మ. "ఇన్ని సాల్లకు ఇంట్ల తింటున్నడు."

సీజన్ మొదటి మ్యాచ్‌లను చూసి జట్టును అంచనా వేయకూడదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ ప్రాంతంలో ఇంకో లెక్క ఉందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. చెరకు కోతలు మొదలైతే ఆటగాళ్ళు పనుల్లో పడతారు, మైదానాలు ఖాళీ అవుతాయి. దీపావళి తర్వాత దొరికే ఆ కొద్ది వారాలే వాళ్ళకు మొత్తం సీజన్. ఆ సీజన్‌లో మొగుడంపల్లి ఐదు ఆడి ఐదూ గెలిచింది. ఐదోది ఎవరి మీద గెలిచిందో ఎవరూ తక్కువ చేసి చెప్పలేరు. అది మంచి జట్టేనని శరణప్ప సరిగ్గానే చెప్పాడు. మీరూ ఆ వైపు వాలీబాల్ చూడటానికి వెళ్తే కోర్టుకు పడమటి వైపు కూర్చోండి. సాయంత్రపు ఎండ వీపుకు తగులుతుంది, బంతి చివరి దాకా కనిపిస్తుంది.