నీలం పూత పూసిన బొప్పాయి చెట్లు

2022 చలికాలం. నూజివీడులో మొక్కల తెగుళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్ మాది. సాధారణంగా మా దగ్గరికి మామిడి ఆకులే వస్తాయి. ఆ రోజు మాత్రం ఆగిరిపల్లి నుంచి సాంబయ్య గారు బొప్పాయి ఆకులు తెచ్చారు. జీవితమంతా ఊళ్లోవాళ్ల మామిడి తోటల్లో కొమ్మలు కత్తిరించిన మనిషి. మొదటిసారి ఒక లేత మామిడి తోటను కౌలుకు తీసుకుని, వరుసల మధ్య బొప్పాయి వేశారు. సగం చెట్లు పసుపు మచ్చలతో పాడయ్యాయి. మిగతా సగమూ పోతే మళ్లీ కూలిపనికి వెళ్లాల్సిందే.

"ఆర్‌టీ-పీసీఆర్ చేసి రేపు చెబుతామండీ" అన్నాను.

"అదేంటండీ, చెట్లకి కూడా కరోనా టెస్టా?" అని నవ్వారు. కొన్ని ఫొటోలు నా ఫోన్‌కి పంపించి, "రేపు పొద్దున్నే మిగతా సగానికీ మందు పెట్టేస్తానండి" అంటూ వెళ్లిపోయారు. ఏదో పిచికారీ కాబోలు అనుకున్నాను.

ఆయన నవ్వులాటకి అన్నా, అది నిజంగా ఆ టెస్టే. మొక్కల వైరస్‌లలో చాలావాటికి జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ. దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చుకుంటే గానీ మా మెషిన్ చదవలేదు. మర్నాడు ఫలితం వచ్చింది, రింగ్ స్పాట్ వైరస్. పోగులాంటి సన్నటి ప్రోటీన్ తొడుగు, దాని లోపల ఒంటి పేట ఆర్‌ఎన్‌ఏ, అందులో సుమారు పదివేల అక్షరాల సమాచారం. అంతకు మించి ఏమీ లేదు. కణమే లేనిదాన్ని ఏ మందు చంపుతుంది? అయితే మొక్క కణం గోడను చీల్చుకుని వెళ్లే శక్తి కూడా దానికి లేదు. ఎవరైనా గాయం చేసి లోపలికి పంపాలి. మామూలుగా ఆ పని ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగు చేస్తుంది.

అప్పుడు ఫొటోలు తెరిచాను. పేనుబంక తెచ్చిన జబ్బు అక్కడక్కడా కనిపించాలి. ఇక్కడ వరుసకి వరుసే పసుపెక్కింది. ఆ చెట్లన్నిటికీ కాండం మీద నీలం పూత! అది బోర్డో పేస్ట్. మామిడి కొమ్మ కోసిన చోట బూజు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పూస్తారు. అంటే పూతకి ముందు కోత. సాంబయ్య గారి మందు కత్తితోనే మొదలవుతుంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ఇక లాభం లేదని స్కూటీ తీశాను. దారి పొడవునా ఆయన చేతిలో కత్తే కళ్లముందు మెదిలింది.

"ఆపండి! కోయకండి!" గట్టు మీంచే అరిచాను.

"ఏమైందండీ? పోయిన నెల ఒకట్రెండు చెట్లకి మచ్చలొస్తే చేసినట్టే, అడుగాకులు కోసి పూత పూస్తున్నా, అంతే కదా."

"జబ్బు చెట్టు రసం ఆ కత్తికి అంటుకుని ఉంటుంది. దాంతోనే మంచి చెట్టును కోస్తే వైరస్‌ని మీరే లోపలికి పంపినట్టండీ!"

"మామిడికి ఎప్పుడూ ఇలాగే చేశాం. ఏం కాలేదే?"

"ఇది మామిడి కాదండీ! మామిడికి ఈ వైరస్ రాదు!" కసురుకున్నాను.

పూత బకెట్టు పట్టుకున్న ఆయన భార్య రమణమ్మ గారు వరుసల వంక చూస్తూ నెమ్మదిగా అన్నారు. "పోయిన నెల నువ్వు కోయడం ఆపిన వరుస దగ్గరే జబ్బూ ఆగిందయ్యా."

సాంబయ్య గారు కత్తి కింద పెట్టేశారు. ఆ పొద్దున అప్పటికే కొన్ని మంచి చెట్లు కోసేశారు. కాయలు పట్టి నిక్షేపంగా ఉన్నాయి. జబ్బు చెట్లతోపాటు వాటినీ పీకెయ్యాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఆయనే పీకారు. మిగిలిన చెట్లలో చాలామటుకు దక్కాయి, కౌలూ నిలిచింది.

"అయితే నేను చెయ్యి పెట్టనివే బతికాయన్నమాట" అన్నారాయన, నీలం అంటిన చేతులు చూసుకుంటూ.

వైరస్ పేరు మెషిన్ చెబుతుంది. అది లోపలికెలా వెళ్లిందో మనిషినే అడగాలి. ఇప్పుడు ఆకులు తెచ్చిన ప్రతివారినీ ఆ మొక్కకి ఏమేం చేశారని ముందే అడుగుతున్నాను, గొంతు పెంచకుండా. సాంబయ్య గారు ఆ చెట్లను కోసింది బతికించుకోవాలనే.