మా ఇంటి వైపు తిరగని బూర

నా చిన్నప్పుడు పాట అనేది గాల్లోంచి వచ్చేది. మా ఊరు పుంగనూరుకు ఆటోలో అరగంట దూరం. మా ఇంట్లో రేడియో లేదు, టీవీ లేదు. ఊళ్ళో ఎవరింట్లోనైనా పెళ్ళో, చెవులు కుట్టే పండగో జరిగితే మైకుసెట్టు వచ్చేది. పొడవాటి వెదురు బొంగు చివర వీపులు ఆనించి కట్టిన రెండు ఇనుప బూరలు ఊరికి చెరో వైపు పాటలు కుమ్మరించేవి. పెళ్ళి ఎవరిదైనా పాట ఊరందరిదీ.

ఒక్కొక్కరు ఒక్కో పాట కోసం కాచుకుని ఉండేవాళ్ళు. మా జేజికి, అంటే నాన్నను కన్నతల్లికి, పొద్దుపొడవక ముందు వేసే దేవుడి పాటలు కావాలి. నాన్నకు సరిహద్దు అవతలి కన్నడ నాటకాల పద్యాలు. అమ్మ పుట్టింది కుప్పంలో. అక్కడ ఒకే వీధిలో మూడు భాషలు మాట్లాడతారు కాబట్టి అమ్మకు తమిళ పాటలంటే ప్రాణం. అర్థం అడిగితే సగం చెప్పి, మిగతా సగానికి నవ్వేసేది. నాకు మాత్రం డప్పు గట్టిగా మోగేది ఏదైనా సరే, అదే గొప్ప పాట.

మైకుసెట్టు మామది పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న అంగడి, కాపురం మాత్రం మా ఊళ్ళోనే. అమ్మకు అన్న వరస. ఆయన సామాను దించుతున్నాడంటే నేను అన్నం కూడా మధ్యలో వదిలేసి పరుగెత్తేదాన్ని. క్యాసెట్టు ఎలా పెట్టాలో, ఏ మీట నొక్కాలో నాకు ఆయనే నేర్పించాడు. తాను టీ తాగి వచ్చేలోపు నన్ను కాపలా కూర్చోబెట్టేవాడు.

నా వెంట తమ్ముడు వచ్చేవాడు. వాడికి నాలుగేళ్ళు. వాడికి పాటలన్నిట్లోకి ఒక్కటే పాట. అది రైలు కూతతో మొదలవుతుంది. మొదటి చరణం అయ్యాక రైలు మళ్ళీ ఒకసారి కూస్తుంది, వెంటనే వాయిద్యాలన్నీ ఆగిపోయి, ఒక ఊపిరి తీసుకునేంత ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో మా తమ్ముడు బొంగు కింద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "కూ" అనేవాడు. ఆ పాట ఎత్తుకోగానే అమ్మ చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి గడప దగ్గరకు వచ్చి నిలబడేది. వాడి కూత వినపడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. వీధి వీధంతా నవ్వేది. వాడు అక్కడుంటే మామ ఆ ఖాళీ రాకముందే సౌండు కొంచెం తగ్గించేవాడు, వాడి గొంతు ఊరికి వినపడాలని.

ఆ ఏడు ఎండాకాలంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. మూడో రోజు మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మా నాన్నా పోయేటప్పుడు వాడు నాన్న భుజం మీద ఉన్నాడు. వచ్చేటప్పుడు అమ్మ ఒడిలో, దుప్పటిలో ఉన్నాడు. అంతకంటే రాయలేను.

తర్వాత అమ్మ మాట్లాడటం మానేసింది. వంట చేసేది, బావి నుంచి నీళ్ళు తెచ్చేది, ఆవుకు గడ్డి వేసేది. అన్నీ చేసేది కానీ మమ్మల్ని చూసేది కాదు. నేను జడ వేసుకోకుండా బడికి పోయినా అడగలేదు. మోకాలు చెక్కుకుని వచ్చినా కనిపించలేదు. రాత్రిళ్ళు జేజి పక్కన పడుకుని, తమ్ముడితోపాటు అమ్మ కూడా పోయిందేమో, ఈ ఇంట్లో తిరిగేది వేరే ఎవరో అనుకునేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మను వెనక్కి తెచ్చే పని ఎవరూ చేయడం లేదని నాకు కోపం.

మూడు నెలల తర్వాత మా వెనక వీధిలో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి నాన్న ముందే మా ఇంటికొచ్చి, మైకు పెట్టించమంటే పెట్టిస్తాను, వద్దంటే మానుకుంటానని నాన్నను అడిగాడు. జేజే లోపల్నుంచి జవాబు చెప్పింది. శుభకార్యం శుభకార్యంలాగే జరగాలి, మా ఇంటి చీకటి మీ పందిట్లోకి ఎందుకని.

పెళ్ళిరోజు తెల్లవారి మెలకువ వచ్చేసరికి పాట ఎక్కడో దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినపడింది. వెనక వీధిలో పెళ్ళయితే మా ఇంట్లో గిన్నెలు అదరాలి. పోయి చూస్తే ఒక బూర చేల వైపు, ఇంకోటి గుట్ట వైపు తిప్పి ఉన్నాయి. మా ఇంటి వైపు ఏదీ లేదు.

"మామా, మా ఇంటికి పాట రాలేదు. ఒకటి ఇట్ల తిప్పు" అన్నాను.

ఆయన వైర్లు చుట్టుకుంటూనే, "బొంగు బిగుసుకుపొయిండాది పాపా. ఇంగ తిరగదు" అన్నాడు.

నేను నమ్మాను. ఆయన నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు మరి.

మధ్యాహ్నం ఆయన భోజనానికి పోతూ ఎప్పటిలాగే నన్ను కాపలా పెట్టాడు. క్యాసెట్ల పెట్టెలో రైలు పాట ఉన్న క్యాసెట్టు అట్టడుగున, అడ్డంగా దూర్చి ఉంది. దాన్ని చూడగానే నా బుర్రలో ఒక లెక్క కుదిరింది. ఆ పాట వస్తే అమ్మ గడప దగ్గరకు వస్తుంది. ఎప్పుడూ వచ్చింది కదా. గడప దగ్గరకు వస్తే నవ్వుతుంది. నవ్వితే మాట్లాడుతుంది. మాట్లాడితే మా అమ్మే.

బొంగును పందిరి గుంజకు కొబ్బరి తాడుతో కట్టి ఉంచారు. తిరగదని తెలిసినా తాడు పట్టుకుని రెండు చేతులతో గుంజాను. అరచేతిలో పీచు గుచ్చుకుంది. బొంగును కౌగిలించుకుని ఒక్కసారి తిప్పాను. తిరగలి కొయ్య తిరిగినంత సులువుగా తిరిగింది. బూర నోరు తిన్నగా మా ఇంటి మీదకు వచ్చింది. క్యాసెట్టు మార్చి, మీట నొక్కి, సందులోంచి ఇంటికి పరుగెత్తాను.

రైలు కూసింది. అమ్మ వసారాలో చేటలో బియ్యం ఏరుతోంది. చేటను మెల్లిగా పక్కన పెట్టింది. కుచ్చెళ్ళు సర్దుకుని లేచి, గడప దగ్గరకు వచ్చి బొంగు ఉన్న వైపు చూసింది. మూడు నెలల తర్వాత ఆ ముఖంలో మా అమ్మ కనిపించింది. నేను గెలిచానని అనుకున్నాను. "చిన్నోడా, పరిగెత్తద్దు, పడతావు" అంది అమ్మ, సన్నగా, తనకే చెప్పుకుంటున్నట్టు.

చరణం అయిపోయింది. రెండోసారి రైలు కూసింది. ఖాళీ వచ్చింది.

అమ్మ వింటోంది. మనిషి అలా వినడం మళ్ళీ నేనెక్కడా చూడలేదు. మెడ కొంచెం వంచి, ఊపిరి బిగపట్టి నిలబడి ఉంది. ఆ ఖాళీ అలాగే ఉండిపోతే అమ్మ ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నేనే "కూ" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు గాదు పాపా" అంది.

కోపంగా అనలేదు. దారి తప్పి వచ్చిన మనిషికి ఇది మీరు వెతికే ఇల్లు కాదని చెప్పినట్టు అంది. అప్పుడే డప్పు మొదలు కావాలి. కాలేదు. పాట ఆగిపోయింది. అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను తిరిగి పందిట్లోకి పోయేసరికి మామ ఎంగిలి చేత్తో నిలబడి ఉన్నాడు. అన్నం ముందు నుంచి లేచి వచ్చి వైరు పీకేశాడు. పెళ్ళికొడుకు తరపు వాళ్ళు పంక్తిలోంచే అందుకున్నారు. "ఏమప్పా, మీ ఊర్లో కరెంటు మాదిరి పాట గూడా పోతాదా?" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. పెళ్ళికూతురి నాన్నకు ముఖం మాడిపోయింది. పెళ్ళి పందిట్లో మైకు మూగబోవడం ఏం శకునమని అందరి ముందూ మామను కడిగేశాడు. మామ తల వంచుకుని, "క్యాసెట్టు నమిలేసిండాది అన్నా. డెక్కుకు వయసైపోయింది, నా మాదిరే" అన్నాడు. నా వైపు చూడను కూడా లేదు.

అంతా సద్దుమణిగాక బొంగును మళ్ళీ పాత వైపుకు తిప్పి, పందిరి వెనక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఏడుస్తూనే నిలదీశాను. తిరగదంటివే, తిరిగింది కదా అని. అవును, అబద్ధం చెప్పానన్నాడు. ఈసారి నువ్వు కూడా ఒకటి చెప్పు, ఎవరన్నా అడిగితే క్యాసెట్టు నమిలేసిందను, మిగతాది నాకు వదిలెయ్ అన్నాడు. తర్వాత క్యాసెట్టును డెక్కులోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పాట మంచిదే పాపా. ఇప్పుడది మీ అమ్మది. ఆయమ్మ అడిగిన్నాడు ఏద్దాం."

అడగకపోతే అన్నాను.

"అడక్కపోతే ఉండనీ. క్యాసెట్టేమన్నా కూడడగతాదా?"

సాయంత్రం మా ఇంటికొచ్చి, గడప బయటే నిలబడి, తప్పు నాదే చెల్లెమ్మా, చూడకుండా వేసేశాను అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆయన పోయాక నన్ను దగ్గరకు రమ్మంది. నా అరచెయ్యి దీపం దగ్గరకు పట్టుకుని, గుచ్చుకున్న కొబ్బరి పీచును సూదితో ఒక్కొక్కటే తీసింది. ఎక్కడ గుచ్చుకుందని అడగలేదు. అంతా తీశాక నా జడ విప్పి దువ్వి మళ్ళీ అల్లింది. ఆ రాత్రి నేను అమ్మ పక్కన పడుకున్నాను.

ఊళ్ళో మామకు "పాట నమిలినోడు" అని పేరు పడింది. ఆ పెళ్ళివాళ్ళు మళ్ళీ ఆయన సెట్టు పెట్టించలేదు. ఎవరైనా రైలు పాట అడిగితే క్యాసెట్టు పోయిందనేవాడు. సెట్టు దగ్గర నన్ను చూస్తే ఆయనను ఎగతాళి చేసేవాళ్ళు, నమలకుండా చూసుకో పాపా అని. నేను నోరు విప్పలేదు. మొదట్లో భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు.

చదువుకు మదనపల్లెకు వచ్చాక నా పాటలు మారాయి. హాస్టల్లో ఎవరి పాట వాళ్ళ చెవుల్లోనే. మిషన్ కాంపౌండులో ఉండే నా స్నేహితురాలు ఒకసారి వాళ్ళ చర్చిలో పాటలు సాధన చేసే చోటుకు తీసుకుపోయింది. హార్మోనియం పక్కన నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోయి ఒకచోట కలిసి, ఆగాయి. ఆ ఆగిన చోట నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డప్పు పాటలు ఎప్పుడు వదిలేశానో గుర్తు లేదు. ఇప్పుడు ఏ పాట విన్నా నాకు ముందు వినపడేది అందులోని ఖాళీయే.

ఊళ్ళల్లోకి డీజే పెట్టెలు వచ్చాక మామ బూరలు తుప్పు పట్టాయి. పోయిన వానాకాలంలో ఆయన చనిపోయాడు. పదకొండో రోజుకు, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మా నేనూ ఊరికి పోయాము. ఇది నీకిమ్మన్నాడని అత్త నా చేతిలో ఒక చిన్న గుడ్డ మూట పెట్టింది. విప్పితే ఆ క్యాసెట్టు. టేపు ఒక చక్రం మీద కొంచెం, ఇంకో చక్రం మీద ఎక్కువ చుట్టుకుని ఉంది. ఆయన వైరు పీకిన దగ్గర ఆగిన టేపును మళ్ళీ ఎవరూ ముందుకూ తిప్పలేదు, వెనక్కూ తిప్పలేదు.

తిరుగు బస్సులో అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంగా ఆడే నిలిచి ఉండాదే" అంది.

అప్పుడు చెప్పాను. ఆ రోజు బూర తిప్పింది మామ కాదు, నేనని. ఇరవై ఏళ్ళు దాచిన మాట ఒక స్టాపు రాకముందే అయిపోయింది.

అమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ, "నీ చేతిలో పీచు తీసింది ఎవురు?" అంది.

తెలుసన్నమాట. అమ్మకు తెలుసని మామకు తెలుసో లేదో నాకు తెలియదు. అడగడానికి ఆయన లేడు. పాట కావాలని అమ్మ ఆ రోజు అడగలేదు, ఈ రోజు వరకూ అడగలేదు. నా ఫోనులో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. నేనూ వెతకలేదు. క్యాసెట్టు నా బీరువాలో, అమ్మ పెట్టిన పట్టుచీర కింద ఉంది. మామ అన్నట్టే, అది ఏనాడూ కూడు అడగలేదు.

నా కొడుక్కి వచ్చే నెలకు నాలుగేళ్ళు నిండుతాయి. వాడి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నాకు నిద్ర ఉండదు. ఈ రెండు రోజులుగా కొంచెం జలుబు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను. చల్లగానే ఉంది.

మేముండేది మేడ మీద. కింది పోర్షనులో ఉండే అక్క రెండు నెలల క్రితం కాన్పుకు పోయి, ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చింది. మావాడికి ఫోనులో పిల్లల పాటలు గట్టిగా పెట్టుకుని గంతులేయడం ఇష్టం. నేను పోయి కింది వైపు కిటికీ మూసి, ఫోనును గోడ వైపు తిప్పి, సౌండు తగ్గిస్తాను. ఇవాళ సాయంత్రం కూడా అలాగే చేశాను. వాడు నా కొంగు పట్టుకుని గుంజుతూ, ఇంకా గట్టిగా పెట్టమ్మా అన్నాడు.

"బిగుసుకుపోయింది నాన్నా, ఇంక పెరగదు" అన్నాను.

వాడు నమ్మాడు.