ఈమె భర్త క్షేమంగా ఉన్నాడు

మా మాస్టారు పోయారని ఆయన అద్దెకుండే ఇంటి యజమానురాలు ఫోన్ చేసి చెప్పింది. ఉదయం పది దాటింది. సీతమ్మధారలో ఒక పెళ్లికూతురికి నలుగు పెడుతుంటే ఫొటోలు తీస్తున్నాను. "పాలపేకెట్టు గుమ్మం కాడే ఉండిపోనాదమ్మా. తలుపు కొడితే పలకనేదు. గోడ మీద పెన్సిలుతో రాసిన నెంబరు నీదొక్కటే ఉన్నాది" అంది. పని మధ్యలో వదిలి రావడానికి లేదు. ఇంకో గంటసేపు పసుపు చేతుల్నీ నవ్వే మొహాల్నీ తీస్తూనే ఉన్నాను. తర్వాత చూసుకుంటే అందులో ఒక్క ఫొటో కూడా చెడలేదు. అందుకు చాలా రోజులు నా మీద నాకే కోపంగా ఉండింది.

మీలో చాలామందికి ఆయన పేరు తెలియదు. ఆయన తీసిన ఒక ఫొటో మాత్రం మీరు చూసే ఉంటారు. నలుపు తెలుపుల్లో, ఫిషింగ్ హార్బర్ గట్టు మీద ఒక ఆడమనిషి మోకాళ్ల మీద తల వాల్చి కూర్చుని ఉంటుంది. వెనక ఖాళీ సముద్రం. తుఫాను వచ్చినప్పుడల్లా ఏదో ఒక పత్రికలో కనబడేది. ఈ మధ్య ఫోన్లలో కనబడుతోంది. కింద, భర్తను సముద్రానికి బలిచ్చిన అభాగ్యురాలు అని ఉంటుంది.

మాస్టారు రిటైరయ్యేదాకా ఒక దినపత్రిక విశాఖ ఆఫీసులో ఫొటోగ్రాఫరు. నేను ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చి అదే ఆఫీసులో ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, వాళ్లావిడ పాత చీరలోంచి చింపిన మెత్తటి ముక్క ఎప్పుడూ ఉండేవి. ఆ ముక్కతోనే లెన్సు తుడిచేవారు, కళ్లద్దాలూ తుడిచేవారు. ఆవిడ పోయి అప్పటికే చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, ప్రార్థన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వచ్చేసేవారు.

ఒకసారి గాజువాకలో కార్మికుల ధర్నా ఫొటోలు తీసుకొచ్చి గర్వంగా చూపించాను. ముగ్గురి మొహాలు దగ్గరగా, చాలా బాగా వచ్చాయి. ఆయన చూసి, "ఈళ్ల పేర్లేటమ్మా?" అన్నారు. అడగలేదన్నాను. "ఆళ్ల మొహాలు తెచ్చీసేవు. పేర్లు అక్కడే వదిలీసేవు. ఎల్లి తీసుకురా" అన్నారు. మళ్లీ బస్సెక్కి వెళ్లి, చీకటిపడేలోగా ముగ్గురినీ వెతికి రాసుకొచ్చాను. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఆ మాట వెనక ఏముందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆయన రిటైరైన కొన్నాళ్లకి విలేకరుల ఫోన్లే చాలని పత్రిక ఫొటోగ్రాఫర్లని తీసేసింది. నేను పెళ్లి ఫొటోల్లోకి వచ్చేశాను. సిగ్గుపడుతూ చెబితే, "పెళ్లి కూడా వార్తేనమ్మా, ఆ ఇంటికి" అన్నారు.

పోయినేడు తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఒక వీడియో నా ఫోన్‌లోకి వచ్చింది. ఎవరో కంప్యూటరు చేత ఆ పాత ఫొటోకి రంగులు వేయించి, ప్రాణం పోయించారు. గట్టు మీద మనిషి మెల్లగా తలెత్తుతుంది. కన్నీళ్లు జారతాయి. సముద్రానికి దణ్ణం పెడుతుంది. వెనక వయొలిన్ సంగీతం. లక్షలమంది చూశారని ఉంది. నేను సంబరంగా ఆయనకి పంపించి, "మాస్టారూ, మీ ఫొటోకి మళ్లీ పేరొచ్చింది" అని రాశాను.

జవాబు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇస్తే చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఆయమ్మ తలెత్తనేదమ్మా. ఆ మొహం నానే సూడనేదు. ఆళ్లెక్కడ సూసేరు?"

"అది మిషను కల్పించిన మొహం మాస్టారూ."

"మొదట కల్పించింది నానే" అన్నారు.

అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ల కిందట, తుఫానుకి ముందు వేటకి వెళ్లిన ఒక పడవ తిరిగి రాలేదు. హార్బర్‌లో ఆ మనిషి కనబడింది. తీశారు. ఎడిషన్ టైమవుతోందని పేరు అడక్కుండా పరిగెత్తారు. డెస్కులో వాళ్లు భర్త పోయాడని రాస్తే ఆయన అడ్డు చెప్పలేదు. ఫొటోకి బహుమతి వచ్చింది. ఆ పడవ ఏమైందో కనుక్కోలేదు. "అడిగితే ఏటి తెలుస్తాదోనని బయ్యం" అన్నారు.

ఆ తర్వాత ఆయన వారం రోజులు తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్లి, వేలంపాటల దగ్గర ఫొటో చూపించి అడిగారు. చివరికి ఐసు మోసే ఒకామె, ఆ మనిషి కొండ అవతల యారాడలో ఉందని చెప్పింది. నా స్కూటరు మీద ఇద్దరం వెళ్లాం.

ఆమె ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. మాస్టారు నమస్కారం పెట్టి, ఎవరో చెప్పి, "తప్పయిపోనాదమ్మా. ఆ రోజు నీ పేరు అడగనేదు" అన్నారు.

ఆమె చేతులు దులుపుకుని, వల దగ్గర కూర్చున్న మనిషిని చూపించింది. "అడుగో, నువ్వు సంపీసినోడు. పడవ కళింగపట్నం కాడ ఒడ్డుకి కొట్టుకొచ్చినాది. రెండో దినాన లారీ ఎక్కి వచ్చీసినాడు. మీ పేపరోళ్లు మరి రానేదు."

ఆయన వల లోంచి తలెత్తి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మొదట్లో ఊరోళ్లు నవ్వితే నానూ నవ్వినాను బాబూ. అయితే తుపానొచ్చినపుడల్లా ఆ బొమ్మే ఏసేత్తన్నారు. ఈడు ఏటకెళ్లుంటాడు, ఎవురో ఫోను సూపిత్తారు, నీ మొగుడు పోనాడని. ఉన్నాడో నేడో తెల్దు గదా నాకు. ఆ పూట ముద్ద దిగదు."

"ఏటి సెయ్యమంటావ్, సెప్పమ్మా."

"తీసెయ్."

"అది నా సేతిలో నేదమ్మా ఇప్పుడు."

"నువ్వు తీసిందే గదా?"

మాస్టారు జేబులోంచి నోటుబుక్కు తీసి ఇద్దరి పేర్లూ అడిగి రాసుకున్నారు. గుమ్మంలో పక్కపక్కన కూర్చోబెట్టి ఒక ఫొటో తీశారు. ఆమె సూటిగా కెమెరాలోకి చూసింది.

ఆ కొత్త ఫొటో పట్టుకుని ఆయన పత్రికల చుట్టూ తిరిగారు. రెండు మూడు చోట్లకి నేనూ వెళ్లాను. ఒక సబ్ ఎడిటరు మర్యాదగానే చెప్పాడు, "సార్, ఆయన బతికే ఉన్నాడన్నది ఇప్పుడు వార్త కాదండి." మా ఫొటోగ్రాఫర్ల గ్రూపులో ఆయన మొత్తం కథ రాశారు. కంప్యూటరు బొమ్మల మీద అక్కడ రోజూ పెద్ద వాదనలు జరిగేవి, మన బతుకులు పోతున్నాయని. ఈ సంగతికి మాత్రం ఒక్కటే జవాబు వచ్చింది. ఒకరు, "తీసిన ఒక్క మంచి ఫొటోనీ ఎందుకు పాడుచేసుకుంటారు గురూగారూ?" అన్నారు. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. ఆయన ఫోన్ చేస్తే, రేపు మాట్లాడతాను మాస్టారూ అనడం అలవాటైంది. ఆయన కూడా మర్నాడు చేసేవారు కాదు.

సమాధుల తోటకి పదిమంది కూడా రాలేదు. తర్వాత ప్రెస్‌క్లబ్బులో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీకి ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. పాత గుర్తింపు కార్డు మీది బొమ్మని కంప్యూటరుకిస్తే, నున్నటి బుగ్గలతో, నల్లటి జుట్టుతో ఎవరో పెద్దమనిషి తయారయ్యాడు. అందరూ ఆ మనిషికి దండ వేశారు. వెనక పక్కన ఆ పాత ఫొటో కూడా పెట్టారు, కింద అదే అభాగ్యురాలన్న మాటతో.

ఇంటికి వచ్చి ఆ వీడియో కోసం వెతికాను. ఎన్ని చోట్ల ఉందో లెక్క లేదు. తెరిచిన ప్రతిచోటా, వేలమంది పెట్టిన కన్నీటి గుర్తుల కింద, మాస్టారు రాసింది ఒకే మాట ఉంది. "ఈమె భర్త క్షేమంగా ఉన్నాడు. ఫొటో తీసింది నేను." ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని రాసేవారాయన. ఒక చోట ఎవరో, రుజువేది తాతా అని అడిగారు. ఆయన కొత్త ఫొటో పెట్టారు. అది కూడా కంప్యూటరు చేసిందే కదా అని ఇంకొకరు నవ్వారు. చివరిది ఆయన పోవడానికి ముందురోజు సాయంత్రం రాసింది. ఆ రోజు కూడా నాకు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు.

వాళ్లకి ఎవరు చెప్తారని ఆదివారం యారాడ వెళ్లాను. ఆమె సంతకి వెళ్లిందట. భర్త ఒక్కడే ఉన్నాడు. విషయం చెబితే చేతిలో వల పక్కన పెట్టాడు.

"అదా సంగతి" అన్నాడు. "నాను ఏట నుంచి వచ్చిన పూట మీ మాస్టారు తప్పకుండా ఫోను సేసీవోడమ్మా. 'వచ్చీసినావా బావా?' అనీవోడు. 'వచ్చీసినాను బావా' అంటే, పెట్టీసీవోడు. అంతే. మరింకేటీ మాటాడీవోడు కాదు. ఈసారి ఫోను రానేదు. నా ఫోనే పాడైపోనాదనుకున్నాను."

నాకు ఈ సంగతి తెలియదు. ఆయనకి బావా అని పిలిచే మనిషి ఒకడున్నాడని కూడా తెలియదు.

"మళ్లీ ఎప్పుడు వెళ్తారు వేటకి?" అని అడిగాను.

"రేపు తెల్లారగట్ల" అన్నాడు.

నంబరు అడగాలనిపించింది. మాస్టారి ఫోనే ఎత్తనిదాన్ని, అడగలేకపోయాను. తిరుగుదారిలో కొండ మీద మలుపు దగ్గర స్కూటరు ఆపాను. పోర్టులో చోటు కోసం ఎదురుచూసే ఓడలు దూరంగా లంగరేసి ఉన్నాయి. గాలి ఎటు తిప్పితే అటు, అన్నీ ఒకే వైపుకి ముఖాలు పెట్టుకుని, ఒకదానికొకటి చాలా ఎడంగా ఉన్నాయి. ఒక్క దాని మీదా మనిషి కనబడలేదు. చీకటిపడుతుంటే ఒక ఓడలో దీపం వెలిగింది.